ఏ పేపరూ రాయని మాట

పోలింగు నాలుగు రోజుల్లోకి వచ్చింది. ఇంటర్నెట్ విజ్ఞాన సర్వస్వంలో అభ్యర్థుల పేజీలకు కాపలా కాసే అక్క, పోటీలో ఉన్న మిల్లు ఓనరు పేజీలో తమ్ముడు చేర్చిన వాక్యాన్ని తీసేసింది.

"మిల్లు మంటల్లో నాన్న కాలిపోయాడని రాస్తే తీసేస్తావా?"

"ఆధారమేదిరా? ఏ పేపరూ రాయలేదు."

"పేపరు కూడా ఆయనదే అయితే ఎవడు రాస్తాడే?"

"పొద్దుట్నుంచి ఆయన మనుషుల భజన కూడా ఇలాగే పీకేస్తున్నాను. నాన్నకొక రూలు, వాళ్లకొక రూలు పెట్టలేను."

"మరి కాగితాల్లో నాన్న ఎలా పోయాడట?"

"గుండెపోటు."

"ఏ దొంగ వెధవ చెప్పాడు?"

అక్క స్క్రీను మీంచి చూపు తిప్పలేదు.

"సంతకం పెడితేనే శవాన్నిస్తామన్నారు. నీకప్పుడు ఆరేళ్లు. నేనే పెట్టాను."