శాలువాలో మిగిలింది

పొద్దుటి నుంచి మబ్బు కదలలేదు, కురవనూ లేదు. కొట్టంలో ఆవు దగ్గర ఇద్దరున్నారు: పశువుల డాక్టరు, అతని బావ.

“ఈసారీ చూలు నిలవలేదు బావా. మళ్లీ ఎదకొచ్చేసింది.”

“నీ చెయ్యే మంచిది కాదేమో డాక్టరు గారూ.”

“ఊళ్లో మిగతావన్నీ నా చేతి మీదే ఈనుతున్నాయిలే. దీని గర్భసంచిలో ఏ దోషమూ లేదు. అవునూ, వెనక కాళ్ల మీద ఈ కమిలిన గీతలేంటి?”

“తాడు.”

“కట్టేసి పితుకుతున్నావా?”

“తన్నుతుంటే ఏం చెయ్యమంటావు, దండం పెట్టమంటావా?”

“అక్క ఒక్కనాడూ కట్టలేదు.”

“మీ అక్క వేరు.”

“నువ్వు దగ్గరికొస్తే ఎలా వణుకుతోందో చూడు.”

“కొట్టలేదురా. ఒట్టు.”

“కొట్టావనలేదు. భయపడితే ఒంట్లో ఒక హార్మోను ఊరుతుంది బావా. ఎప్పుడో ఒకసారైతే ఫర్వాలేదు. పూటపూటా ఊరితే లోపలి పిండం ఎదగదు. నలుసంత ఉండగానే, సంచికి అంటుకోకముందే కరిగిపోతుంది. మళ్లీ ఎదకొచ్చేదాకా మనకు తెలియనే తెలియదు.”

“అంటే నా వల్లే.”

“దీని మట్టుకు అదేననిపిస్తోంది.”

“సరేలే. సాయంత్రం బేరగాడొస్తాడు. తోలుకుపోతాడు. గొడవ వదిలిపోతుంది.”

“ఇది కూడా పోతే ఈ ఇంట్లో ఊపిరి తీసేది నువ్వొక్కడివే.”

“గోడ మీద బల్లి ఉందిలే.”

“అక్క పోయిన కొత్తలో బాగానే పాలిచ్చేదిగా? తన శాలువా కప్పుకుని పితికేవాడివి. నేను చూశా.”

“చలికి.”

“ఇప్పుడూ చలే.”

“మాసిపోయింది.”

“ఉతికేశావా?”

“లేదు, లేదు! ఉతుకుతానా?”

“మరెక్కడుంది?”

“పెట్టెలో. కవరులో చుట్టి.”

“ఎందుకూ?”

“ఊరికే.”

“బావా, ఎందుకూ?”

“పితికేటప్పుడల్లా మెడ తిప్పి దాన్నే వాసన చూసేదిరా. ఆ శాలువాను ఒకటే నాకడం. పాల వాసన, పేడ వాసన పట్టేస్తోంది. ఇట్లా అయితే మీ అక్క వాసన అయిపోతుందని...”

“దాచుకున్నావు.”

“దాచుకున్నా.”

“పట్రా.”

“అయిపోతుందిరా.”

“పట్రా బావా. ఏడాదైంది, నాకూ చూడాలనుంది.”

“...ఇదిగో. ముందు నువ్వే చూడు. తమ్ముడివి.”

“ఊఁ.”

“ఏంట్రా?”

“కవరు వాసనే వస్తోంది బావా.”

“లోపలి మడతలో చూశావా?”

“చూశా.”

“నాకూ ఎన్నాళ్ల నుంచో రావట్లేదు. నా ముక్కే చెడిందనుకున్నా.”

“కప్పుకో.”

“ఇంకెందుకూ?”

“కప్పుకో బావా. కప్పుకుని మెల్లగా దగ్గరికొచ్చి కూర్చో. తాడు వదిలెయ్.”

“అరె... మెడ చాపుతోంది.”

“కదలకు.”

“వణకట్లేదురా. నాకుతోంది.”

“మనకు రాకపోతేనేం? దానికి వస్తోంది బావా. ఇంకా వస్తోంది.”

“...ఆ బేరగాడికి ఫోను చెయ్యి. రావద్దను.”

“చేస్తా. లే, అన్నం తిందువు గాని.”

“ఇప్పుడు లేవనురా. కంచాలు ఇక్కడికే పట్రా. మాట్లాడకుండా తిందాం. దాన్ని వాసన చూసుకోనీ.”