నాలుగొందల పదిహేడో గదిలో కొండచిలువ

మా పక్క టౌన్‌హౌస్ కోదండరామ్ గారు కోతలు కొయ్యడానికి ఒక పద్ధతి ఉంది. శనివారం మధ్యాహ్నం మూడింటికి గ్యారేజీ తలుపు సగం ఎత్తుతారు. కారు బయట పెట్టేసి లోపల మడత కుర్చీలు వేస్తారు. ఆయన భార్య సుగుణ గారు మిరపకాయ బజ్జీలు పంపుతారు, టీ ఫ్లాస్కు కాసేపాగి తనే తెస్తారు. ఆ సగం తలుపు కింద నుంచి వంగి లోపలికి వెళ్లామా, ఆయన చెప్పేది పూర్తయ్యేదాకా లేవకూడదు. కెనడాలో ఈ మిల్టన్‌లో మా వీధి తెలుగువాళ్లందరికీ తెలిసిన రూలే ఇది.

ఆ శనివారం వాన పడుతోంది, నలుగురమే ఉన్నాం. ఆయన, నేను, డాక్టరుగా రిటైరైన వైదేహి గారు, ఆయన బేస్‌మెంట్‌లో అద్దెకుండే చరిత. చరితది వరంగల్. కెనడాలోనే సస్కటూన్‌లో చదువుకుని ఇటొచ్చింది. వర్క్ పర్మిట్ వచ్చే నెలతో అయిపోతుంది, ఇక్కడే స్థిరపడటానికి కావాల్సిన పీఆర్‌కి పాయింట్లు చాల్లేదు. థాయిలాండ్‌లో చియాంగ్ మాయ్ అనే ఊళ్లో ఒక కంపెనీ ఉద్యోగం ఇస్తానంది. సోమవారంలోగా అవుననో కాదనో చెప్పాలి. రెండేళ్ల క్రితం కోదండరామ్ గారు పళ్లు కట్టించుకోడానికి అదే ఊరు వెళ్లి మూడు నెలలు ఉండొచ్చారు గనక, ఆయన్ని అడుగుదామని వచ్చింది.

"అంకుల్, ఒక్కటే అడుగుత," అంది. "సస్కటూన్‌ల మొదటి చలికాలం నాకు ఫ్లూ వచ్చింది. నాలుగు రోజులు గదిల పడున్న. లేచి నీళ్లు తాగే ఓపిక లేకుండె. పైన ఉన్న ఓనర్‌కి గూడ తెల్వలే. ఆ ఊర్ల గూడ అట్లయితే ఎవరికి తెలుస్తది? నాకు అదే భయం."

కోదండరామ్ గారు బజ్జీని రెండుగా తుంచి, తినకుండా పళ్లెంలో పెట్టేశారు. తర్వాత గొంతు సవరించుకున్నారు.

"భయం గురించి నన్నడిగావ్, సరైన చోటికే వచ్చావ్. ముందు ఊరి సంగతి విను. నేను దిగిన మొదటిరోజు, థాయి ఒక్క ముక్క రాదు నాకు, పొద్దున పదింటికి దిగానా, పన్నెండయ్యేసరికి ఫోన్లో సిమ్ కార్డు, గదిలో నీళ్ల డబ్బా, గుమ్మం ముందు వేడివేడి అన్నం, ఎలా అనుకున్నావ్, వేలు చూపించడం, తల ఊపడం, అంతే. నాలుగో అంతస్తులో నా గది, నాలుగొందల పదిహేడు. కింద సందులో నోయ్ అని ఒకావిడ లాండ్రీ. బట్టలు తూకం వేసి తీసుకుంటుంది, ఉతికి, ఇస్త్రీ చేసి, గది నంబరు రాసిన అట్టముక్క దారంతో కట్టి, మర్నాడు చేతిలో పెడుతుంది. నా చొక్కాలు దండెం మీద చూసి ఆ సందు సందంతా, కెనడా నుంచి ఎవరో మంత్రిగారు దిగారనుకున్నారు."

"ఆ చొక్కాలు నేనూ చూశాను లెండి," అన్నాను.

"నువ్వు చూసినవి ఉతికాక, జయదేవ్. సరే, అక్టోబరు. సుగుణ అప్పుడు మా అమ్మాయి పురిటికని సస్కటూన్‌లో ఉంది. సోమవారం నేను నోయ్‌కి బట్టలేశాను. మంగళవారం మధ్యాహ్నం, బయట ఇలాగే వాన, బాత్‌రూమ్‌లోకెళ్లి కమోడ్ మూత ఎత్తానా, నీళ్లలోంచి ఓ తల నన్ను చూస్తోంది. కొండచిలువ. మూరెడు ఉంటుంది, అబద్ధం ఎందుకు చెప్పాలి, మూరెడే. పైపుల్లోంచి వస్తాయట అక్కడ. మూత వేశాను. మూత మీద బకెట్టు పెట్టాను. బకెట్టు మీద సూట్‌కేసు. గది తలుపు దాకా వెనక్కి నడిచొచ్చి నిలబడ్డాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా? చలి పుట్టింది. ముప్పై మూడు డిగ్రీల ఊళ్లో, దుప్పటి కప్పుకుంటే దుప్పటి కూడా వణికే చలి."

"వానాకాలం కదండీ," అన్నాను.

"వాన కాదయ్యా. దాని ఊపిరి. కొండచిలువ ఊపిరి చల్లగా ఉంటుంది. తలుపు కింద నుంచి వచ్చి నా పాదాలకి తగిలేది."

వైదేహి గారు బజ్జీ నమలడం ఆపి ఆయన వంక ఒకసారి చూశారు.

"ఎవరికన్నా ఫోన్ చెయ్యకపోయారా అంకుల్?" అంది చరిత.

"చెయ్యకేం. పాముని థాయిలో ఏమంటారో తెలిసి చావదు. సాయం కావాలని పాము బొమ్మ పెట్టి మెసేజ్ పంపాను. అరగంటలో డెలివరీ అతనొచ్చి గుమ్మం ముందు నూడుల్స్ పెట్టిపోయాడు. కింద ఆఫీసు అమ్మాయికి ఇంటర్‌కమ్‌లో చెప్పాను, అమ్మా, నా గదిలో ఇంకొకరు దిగారని. ఆ దేశంలో ఓ రూలుంది, గదిలో పరాయి దేశం మనిషి ఎవరు దిగినా ఇరవై నాలుగు గంటల్లో ఇంటివాళ్లు ఇమ్మిగ్రేషన్‌కి రాసి పంపాలి. ఆ అమ్మాయి నిదానంగా అడిగింది, వారు ఎన్నాళ్లుంటారు, పాస్‌పోర్ట్ ఉందా అని. పైకొచ్చి తలుపు సందులోంచి ఫొటో కూడా తీసుకుంది. పాస్‌పోర్ట్ సైజులో పట్టదే. తలకొకటి, తోకకొకటి, రెండు ఫొటోలు పక్కపక్కన అతికించి పంపారు. బుధవారం సాయంత్రానికి దానికి తొంభై రోజుల స్టాంపు పడిపోయింది."

"నాకు మూడేండ్లాయె, రాలే," అంది చరిత.

"దానికి పాయింట్లెక్కువ," అన్నారాయన. అందరం నవ్వాం. ఆయన మాత్రం నవ్వలేదు.

"నవ్వండి. స్టాంపు పడ్డాక అది గదిలో సగం తనదే అనుకుంది. బుధవారానికి బారెడైంది. రాత్రీ పగలూ తేడా లేదు నాకు, మంచం దిగలేదు. నీళ్ల డబ్బా బాత్‌రూమ్ తలుపు పక్కన. మంచానికీ దానికీ పది అడుగులు. పదంటే పదే. నాలుక పిడచకట్టుకుపోతోంది, ఆ పది అడుగులు వెయ్యలేకపోయాను. తల తిప్పి డబ్బా వంక చూసేవాణ్ణి. అందులో నీళ్లు కదిలేవి. అది తాగుతోందనుకునేవాణ్ణి."

ఆ మాట దగ్గర గొంతు కాస్త తగ్గింది. నేను నా రెండు పాదాలూ నేల మీంచి తీసి కుర్చీ కమ్మీ మీద పెట్టుకున్నాను. కోతలని తెలుసు, అయినా పెట్టుకున్నాను. చరిత చేతిలో బజ్జీ అలాగే ఉంది.

"గురువారం సూట్‌కేసు పడిన చప్పుడైంది. బకెట్టు పడింది. మూత లేచింది. ఇక చూడు, వస్తోంది, వస్తోంది, వస్తూనే ఉంది, తల నా మంచం దగ్గరికొచ్చినా తోక ఇంకా పైపుల్లో, కింద మొదటి అంతస్తులో ఎవరి సింకులోనో ఉంది, ఆ బిల్డింగులో ఆ రోజు ఎవరింట్లోనూ నీళ్లు దిగలేదంటే నమ్ము. లిఫ్టు కూడా ఆగిపోయింది, తాళ్లతో పాటు అదీ చుట్టుకుందిగా."

"మూరెడన్నారు," అన్నాను.

"మంగళవారం మూరెడయ్యా. పెరగదా? వచ్చి నా కాళ్ల దగ్గర మొదలుపెట్టింది. మోకాళ్లు. నడుము. వెన్ను. ఒక్కో ఎముకా విడివిడిగా పట్టుకుని పిండింది. తీరిగ్గా, పనేమీ లేనట్టు. తర్వాత కళ్ల వెనక్కి దూరింది."

"కళ్ల వెనక్కి ఎట్ల దూరుతది అంకుల్?"

"దూరింది తల్లీ. అక్కడ చుట్టుకుని పడుకుంది. కన్ను ఇటు తిప్పితే అటు నొక్కేది. సరిగ్గా అప్పుడే సుగుణ ఫోను. ఎత్తి ఏం మాట్లాడను, పాము మెడకి చుట్టుకుని ఉంటే? పంటికి కుట్లేశారు, నోరు వాచింది, రెండు రోజులు మాట్లాడలేను అని మెసేజ్ పెట్టి ఫోన్ దిండు కింద తోసేశాను. శుక్రవారం పొద్దున చూసుకుంటే చేతుల మీద, పొట్ట మీద, ఎర్రగా అచ్చులు, పొలుసు పొలుసుగా. ఇంక మింగడమే తరువాయి. మీద నుంచి మింగుతుందా, కాళ్ల నుంచి మొదలెడుతుందా అని ఆలోచిస్తూ పైకప్పు చూస్తూ పడుకున్నాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

చరిత చేతిలో బజ్జీని పళ్లెంలో పెట్టేసింది.

"తలుపు కొట్టారు. నోయ్. మంగళవారం రావాల్సిన మనిషి శుక్రవారానికీ చొక్కాల కోసం రాలేదని, బట్టల మూట చంకలో పెట్టుకుని నాలుగంతస్తులు మెట్లెక్కి వచ్చింది. లిఫ్టు పని చెయ్యట్లేదు గదా. పిలిచింది, నేను పలకలేదు. కిందకెళ్లి ఆఫీసు అమ్మాయి దగ్గర తాళం తెచ్చింది. లోపలికొచ్చి ఒక్క చూపు చూసింది. అరవలేదు, పారిపోలేదు. చెయ్యి పెట్టి నుదురు చూసి, తోక పట్టుకుని, తడిబట్ట పిండినట్టు ఒక్క పిండు పిండింది. పాము వాలిపోయింది. తప్పిపోకుండా దానికి నా గది నంబరు అట్టముక్క కట్టింది. కట్టి, ముగ్గురం ఒకే స్కూటర్ మీద ఆస్పత్రికి. ముందు ఆవిడ, మధ్యలో పాము, వెనక నేను. పాము పక్కకి ఒరిగిపోతుంటే, పడిపోకుండా తువ్వాలుతో తన నడుముకి గట్టిగా కట్టేసుకుంది. ఆ నడుము పట్టుకునే వెళ్లాను నేను... అంటే, పాము వెళ్లింది."

"ఆస్పత్రిలో పాముని చేర్చుకున్నారా?" అన్నాను.

"చేర్చుకోరా? స్టాంపు ఉంది గదా. కిటికీ పక్క మంచం ఇచ్చారు. సెలైను పెట్టారు. ఐదు రోజులు ఉంచారు. నర్సమ్మ పూటపూటకీ వచ్చి వేలు పొడిచి రక్తం తీసుకెళ్లేది."

"పాముకి వేలెక్కడిదండీ?"

కోదండరామ్ గారు నోరు తెరిచారు. ఇన్నేళ్లలో ఆయన మాట కోసం వెతుక్కోవడం నేను చూడలేదు. ఆ పూట వెతుక్కున్నారు, దొరకలేదు.

వైదేహి గారు పళ్లెం కింద పెట్టి చేతులు తుడుచుకున్నారు.

"ప్లేట్‌లెట్స్ ఎంతకి పడ్డాయి, కోదండరామ్ గారూ?"

ఆయన పళ్లెంలో బజ్జీ ముక్కని అటూ ఇటూ జరిపారు.

"కాకినాడలో ప్రాక్టీసు చేసిన రోజుల్లో ఈ పాముని ఏటా చూసేదాన్ని," అన్నారావిడ, మెల్లగానే. "ముందు చలి, ఎముకలు పిండడం, కళ్ల వెనక నొప్పి, నాలుగో రోజుకి ఎర్ర మచ్చలు. డెంగీ అంటాం దాన్ని. ఎంతకి పడ్డాయి?"

"పద్దెనిమిది వేలు," అన్నారు. ఆ గొంతు ఆయనది కానట్టుంది.

"లక్షన్నరన్నా ఉండాలి," అని వైదేహి గారు మాకు చెప్పారు. "ఇంకో రోజు ఆ గదిలో ఉంటే ఈ కథ చెప్పడానికి ఈయన ఉండేవారు కాదు."

ఇంట్లోంచి గ్యారేజీలోకి వచ్చే తలుపు దగ్గర సుగుణ గారు నిలబడి ఉన్నారు. చేతిలో ఫ్లాస్కు. ఎప్పటినుంచి నిలబడ్డారో మాకు తెలీదు.

"నోరు వాచిందన్నారు," అన్నారావిడ.

"పిల్ల నొప్పుల్లో ఉంది. నువ్వు ఎవరి దగ్గర ఉండాలని, ఏమని చెప్పను?"

"తర్వాతన్నా చెప్పొచ్చుగా. రెండేళ్లయింది. నాక్కూడా పామనే చెప్పారు."

ఆయన తల దించుకున్నారు. "పామంటే నువ్వు నవ్వేదానివి. భయమేసింది సుగుణా. చచ్చిపోతానని కాదు. పోతే ఎన్నాళ్లకి తెలుస్తుందా అని. నా కోసం ఆ తలుపు తట్టేవాళ్లు ఎవరా అని గురువారమంతా ఆలోచించాను. ఒక్క పేరు తట్టలేదు. చొక్కాలు నోయ్ దగ్గరున్న సంగతే మర్చిపోయాను."

చరిత అడిగిన మాటకి జవాబు అది. ఆయనకీ అది అప్పుడే తోచినట్టుంది. పర్సు తీసి, కార్డుల వెనక నుంచి నలిగిన అట్టముక్క ఒకటి లాగారు. దారం ఇంకా ఉంది. ఒకవైపు 417, రెండోవైపు ఒక ఫోన్ నంబరు.

"చూడమ్మా. నీకిచ్చే గదిలో వాషింగ్ మెషీన్ ఉంటుంది. దాన్ని ముట్టుకోకు. నోయ్ లాండ్రీకి దగ్గర్లో గది చూసుకో. సోమవారం బట్టలు ఆవిడకెయ్యి, మంగళవారం వెళ్లి తెచ్చుకో. రెండు చొక్కాలే ఉన్నా సరే, వెయ్యి. నువ్వు రాకపోతే ఆవిడొస్తుంది."

చరిత ఆ అట్టముక్కని అటూ ఇటూ తిప్పి చూసింది. ఫోన్ కవరు విప్పి, లోపల జాగ్రత్తగా పెట్టి మళ్లీ మూసింది.

"చుడీదార్లు గూడ మంచిగ ఇస్త్రీ చేస్తదా అంకుల్?"

"మంచిగా చేస్తుంది," అన్నారాయన.

సుగుణ గారు ఫ్లాస్కు బల్ల మీద పెట్టారు. "ఆవిడకి ఫోన్ చెయ్యండి. నేను మాట్లాడాలి."

"అక్కడిప్పుడు తెల్లవారుజాము మూడు. ఏడింటికి గాని షాపు తియ్యదు. అయినా నీకు థాయి రాదుగా."

"వీడియోలో మాట్లాడతాను. చెయ్యెత్తి దణ్ణం పెట్టడానికి భాషెందుకు?" అని, ఆవిడ మిగిలిన మడత కుర్చీ ఒకటి విప్పి ఆయన పక్కనే వేసుకుని కూర్చున్నారు. అక్కడ ఏడంటే మాకు సాయంత్రం ఎనిమిది. ఇంకా నాలుగు గంటలుంది.

ఆయన చెప్పేది పూర్తయ్యేదాకా లేవకూడదన్నది రూలు గదా. మేమెవరం లేవలేదు.