గేటు దాటిన చుట్ట

విశాఖ రేవులో చమురు ఓడలు ఆగే జెట్టీలోకి చుట్టా, అగ్గిపెట్టే పట్టుకెళ్ళనివ్వరు. పొద్దున్న గేటు దగ్గర అప్పజెప్పి, పని దిగాక తీసుకోవాలి. ఆ సాయంత్రం కలాసీ జగ్గయ్య తన చుట్టల పొట్లం తీసుకోకుండానే గేటు దాటాడు. వెనకనుంచి తోటి కలాసీ కేకేశాడు.

“బావా, పొట్లం మర్సిపోనావు!”

“మర్సిపోలేదు, ఒగ్గీసినాను. మా పిల్లకి ఆయాసం. ఇంట్లో పొగ పడకూడదన్నాడు డాకటరు.”

“సుట్టాన్నయితే ఇంట్లోంచి పంపగలం గానీ, సుట్టని నోట్లోంచి పంపగలమేటి? ఉగాదికీ ఒట్టేసినావు. సాయంత్రానికే తీసి గట్టు మీద పెట్టినావు.”

“అప్పుడు సుట్ట జేబులో ఉంది. జెట్టీలో ఉన్నంతసేపూ నీకు కాల్సాలనిపిత్తాదేటి?”

“లోపల గుర్తే రాదు. గేటు దాటితే మాత్రం నాలిక పీకేత్తాది!”

“నోరు అదే కదా బావా! మారింది గేటే. అందుకే మా ఇంటిదాన్ని గుమ్మంలో నిలబెట్టినాను. జేబులు తడమందే నన్ను లోపలికి రానీదు.”

“ఆడదాని సేత జేబులు తడిమించుకుంతావా? పట్టుదల లేదేటి నీకు?”

“ఉంటే ఉగాదికే మానీసీవోణ్ణి.”

తోటివాడు పకపకా నవ్వి చుట్ట వెలిగించాడు. ఆ వాసనకి జగ్గయ్య చెయ్యి దానంతటదే జేబులోకి పోయింది. జేబు ఖాళీ.

“ఒక్క దమ్ము లాగు. ఎవులు సూత్తారు?”

జగ్గయ్య ఖాళీ చెయ్యి బయటికి తీశాడు.

“నువ్వు కాల్సుకో. కాకపోతే నా ఎనకాల నడు. గాలి ఎదురొత్తంది, పొగ నాకు తగలదు. నానంత గట్టోణ్ణి కాను బావా,” అంటూ ఇంటివైపు పెద్దపెద్ద అంగలు వేశాడు.