నవమి పందిట్లో తాత గొంతు

శ్రీరామనవమికి రెండు రోజుల ముందు, హిందీ ఊళ్ళోని తెలుగువాళ్ళ బస్తీ భుయ్యాడీహ్‌లో. సూరమ్మ తలుపు గడియ పెట్టింది. మనవరాలు బిందుప్రియ ఒళ్ళో ల్యాప్‌టాప్ ఉంది.

“మెల్లగా మాటాడే. తాత పెరట్లోనే ఉన్నాడు.”

“యే తో చీటింగ్ హై మామ్మా! తాత నోరు ఆడిస్తే సీడీ పాడటమేంటి?”

“సీటింగేటి? ఆ పాత కేసెట్టులో పాడింది ఆయనే కదా. ఇరవయ్యేళ్ళ కిందటి గొంతు. ఇప్పుడెలాగున్నాదో నువ్వూ ఇన్నావు.”

“పోయిన నవమికి విన్నాను. పందిట్లో సగం మంది చాయ్‌కి లేచిపోయారు.”

“అదే! ఆయనకి తెలీదు. ‘చాయ్ బాగున్నట్టుందే’ అన్నాడు ఇంటికొచ్చి. మళ్ళీ ఆ ముక్క ఇనలేనమ్మీ.”

“పెన్‌డ్రైవ్‌లో వేసివ్వనా?”

“సిన్నారావు మైకుసెట్టుకి సీడీ ఒక్కటే పడతాది. ఆడికి పొద్దున్నే సెప్పేసినాను. తాత మైకు కట్టేసి సీడీ ఏత్తానన్నాడు. ఎందుకో మరి, పకపకా నవ్వినాడు.”

“నవ్వాడా? హూఁ. సరే, ఆడియో సీడీగానే రాయాలి. కేసెట్టు నుంచి ఎక్కించిన ఫైలు ఊరికే కాపీ చేస్తే ఆ పాత డబ్బాలో పాడదు. లినక్స్‌లో సీడీ రాయడానికి బ్రసెరో కూడా ఉంది గానీ, కె-త్రీ-బీ నాకు అలవాటు.”

“అలవాటా? ఎప్పుడు రాసినావే?”

“అంటే... చదివాను.”

“నీ ల్యాప్‌టాప్‌కి సీడీ పెట్టే సోటే లేదన్నావు?”

“బయట తగిలించే రైటర్ ఉందిగా. ఇదిగో.”

“కొత్తదే! ఎవులు కొన్నారు?”

“అరే మామ్మా, ముందు ఇది చెప్పు. సీడీకి గీత పడితే పాట పోతుంది. ఎక్స్‌టర్నల్ హార్డ్‌డిస్కులో ఒక కాపీ దాచనా?”

“దాసుంచు. పై నవమికీ కావాలి.”

“బస్, అయితే ఆ ఖాళీ సీడీ ఇటివ్వు.”

“ఇదొక్కటే ఉందేటి? నిన్న రెండు తెచ్చినావు కదే.”

“అది... పాడైపోయింది.”

“నా మొకం సూసి సెప్పు.”

“ఒట్టు పెట్టించుకున్నారు మామ్మా.”

“ఎవులే?”

“తాత. రైటర్ కూడా ఆయనే సాక్చీ బజారు నుంచి తెచ్చారు. ఇదే పాట నిన్న రాయించుకుని చిన్నారావుకి ఇచ్చొచ్చారు. ‘నా గొంతు పోయిందని మీ మామ్మకి తెలీదు, తెలిస్తే తట్టుకోలేదు’ అన్నారు.”