నళిని పలుకు కోసం

వేలూరు ఆసుపత్రి నుంచి గుడియాత్తం వెళ్లే బస్సులో అత్తాకోడళ్లు పక్కపక్కన కూర్చున్నారు. నాలుగేళ్లు నిండినా మాట రాని నళిని తల్లి ఒళ్లో నిద్రపోయింది.

“డాక్టరమ్మ ఏం చెప్పినాదిమ్మా? నాకు సరిగ్గా అర్థం కాలేదు.”

“పాప జీన్లలో తప్పేమీ కనపడలేదంట అత్తా. అయితే ఏ జీన్ పనిచేయాల, ఏది ఊరికే ఉండాల అని చెప్పే గుర్తులు వాటిపైన ఉంటాయంట. బిడ్డ కడుపులో ఉండేటప్పుడు ఆ గుర్తులు మారొచ్చంట.”

“దేనివల్ల మారతాయంట?”

“జబ్బు, దిగులు, తిండి, చానా ఉండాయంట. మన పాపకి దేనివల్లో ఎవురూ చెప్పలేరంట.”

“ఏడో నెలలో నిన్ను నూలుకు రంగులేసేదానికి నేనే పంపిస్తిని. ఆ ఆవిరంతా నువ్వు పీలిస్తివి.”

“అదీ అడిగినాను అత్తా.”

“నేను పంపించినానని చెప్పినావా?”

“లేదు. నేనే పోయినానని చెప్పినాను. అదే కారణం అనేదానికి లేదంది. ఎవురూ తప్పు నెత్తిన వేసుకోవద్దంది.”

అత్త తన కొంగు తీసి పాప కాళ్లమీద కప్పింది.

“నాలుగేండ్లుగా నన్ను ఒక్క మాట కూడా అనలేదే నువ్వు.”

“మిమ్మల్ని అంటే పాప పలుకుతాదా? నా కలలో అమ్మా అంటాది అత్తా. నేను లేచి చూస్తే నిద్రపోతా ఉంటాది.”

“ఇప్పుడేం చేయమన్నారు?”

“దినమూ ముఖం చూసి మాట్లాడించమన్నారు. మాట వస్తాదని మాత్రం చెప్పలేమన్నారు.”

“రేపట్నుంచి నువ్వు మగ్గంలో కూచున్నంత సేపూ నేను మాట్లాడిస్తా.”

“మొదట అవ్వా అనేస్తే?”

“ఆ మాట నేను నేర్పను. అమ్మా అనేదే నేర్పిస్తా.”