తాబేలు వెనక నడిచినవాడు

ఖరగ్‌పూర్, ఖరిదా, 1966. గుమ్మానికి అడ్డంగా దాలమ్మ నిలబడి ఉంది. మెట్టు మీద ఆమె అన్న కొడుకూ, అల్లుడూ అయిన జగ్గారావు. గాజాలో ఐక్యరాజ్యసమితి శాంతిసేనకి మిలిటరీ వంటవాడిగా వెళ్లి, ఆ పొద్దున్నే బొంబాయి మెయిలు దిగాడు.

“సంచీ ఇప్పకు అన్నానా? మల్లీ ఇప్పుతావేటి?”

“దానికి గాలాడాల గదత్తా.”

“గాలాడాలట. ఏడాదిపైన దేశం గాని దేశంలో ఉండి పెళ్లానికి తెచ్చింది తాబేలు. వీధిలో జనం సూస్తే నవ్వుతారు.”

“రత్నానికి సీర కూడా తెచ్చినాను. ట్రంకులో ఉంది.”

“సీర లోపలికొస్తాది. నువ్వూ రా. అది రాదు. తాబేలు దూరిన కొంప బాగుపడిందని ఎక్కడేనా ఇన్నావా? అందులోనూ ఈ కొంప. నా కొడుకు ఎర్రయ్య పోయి ఆర్నెల్లు కాలేదు.”

“రత్నాన్ని ఓసారి పిలు అత్తా. ఇద్దరం మా నాన్న క్వార్టరుకి ఎల్లిపోతాం.”

“పిలవను. లోపల ఏడుస్తంది, ఇనిపిస్తంది గదా? నా కూతురు కావాలంటే ముందు దాన్ని నూతిలో పడేసి రా. నీళ్లేనా సుబ్బరంగుంటాయి.”

“నూతిలో ఏస్తే సచ్చిపోతాది. ఇది నీళ్ల తాబేలు కాదు. ఇసకలో, ముళ్లకంపల కింద ఉంటాది. దీనికి ఈత రాదు.”

“ఈత రాని తాబేలు. ఏరి ఏరి నీలాటిదాన్నే తెచ్చుకున్నావురా. ఓడలో ఏటెట్టినావు దీనికి?”

“క్యాబేజీ ఆకులు. మెస్సులోంచి సాటుగా తెచ్చి...”

“దొంగతనం కూడానా.”

“అక్కడ పురుగూ పుట్రా అంతా ఏరేగా ఉంటాయత్తా. కొమ్ముల పాము ఉంటాది. కళ్ల మీద రెండు కొమ్ములు. ఒళ్లంతా ఇసకలో దాసుకుని, కళ్లొక్కటే పైకెట్టి...”

“నువ్వు సూసినావా?”

“సూసినాను.”

“దూరాన్నించి.”

“దూరాన్నించే.”

“అదీ. నీకు ధైర్యం ఎప్పుడేడిసింది? సిన్నప్పుడు మీ నాన్నకి వర్క్‌షాపుకి కేరేజీ పట్టుకెల్లమంటే, యార్డులో పట్టాలు దాటడానికి మేకో కుక్కో ముందెల్లాల. దాని ఎనకాల నువ్వు. అంతవరకూ అలా నిలబడిపోయీవోడివి. నా ఎర్రయ్యో, ఆగున్న వేగన్ల కిందనించి దూరి ఎల్లి, బువ్వ ఇచ్చి, నువ్వింకా ఇవతలుండగానే తిరిగొచ్చీవోడు.”

“అవును. నన్ను సూసి నవ్వీవోడు.”

“నవ్వడా మరి? ఇద్దరూ మిలిటరీలో ఆ దేశమెల్తే అలాటోడు పోయినాడు, నువ్వు మిగిలినావు. దేవుడికి మనుసుల్ని ఏరడం రాదు. సరే, అడుగుతాను, సెప్పు. ఆ తాబేలు నీకేటవుతాది? పెళ్లాన్నేనా ఒగ్గుతావు గాని దాన్నొగ్గవు.”

“అది నా పేనం కాసింది.”

“తాబేలు.”

“అవునత్తా. ఔట్‌పోస్టుకి బోజనాలు పట్టుకెల్తన్నాం. ఇసక గాలి లేచింది. లారీ దారి తప్పి ఇసకలో దిగబడిపోయింది. దిగి నడిసినాం. గాలి తగ్గినాక సూస్తే ముళ్లకంచి మా ఎనకాలుంది, మేం లోపలున్నాం. పాత యుద్ధంలో పాతిపెట్టిన బాంబులుంటాయక్కడ. ఎక్కడ కాలెడితే పేల్తాదో తెల్దు.”

“అప్పుడేటి సేసినావు?”

“కదల్లేదు. గంటసేపు. ఇంతలో ఇది ఒచ్చింది. మా ముందునించి రోడ్డేపు ఎల్తంది. ఇసకలో దీని అడుగులు పడ్డాయి. ఆ అడుగుల మీదే అడుగేసుకుంటూ రోడ్డు సేరినాను.”

“ఓరి సన్నాసీ. కొబ్బరిసిప్పంత లేదది. దాని బరువుకి బాంబు పేల్తాదేటి? అది దాటినాక నీ బరువుకి పేల్తాది. ఆమాత్రం తెల్దా?”

“తెలుసత్తా.”

“తెలిసే నడిసినావా? మేక ఎనకాల, కుక్క ఎనకాల, ఇప్పుడు తాబేలు ఎనకాల. మిలిటరీవోడట. నవ్వొస్తంది నిన్ను సూస్తే.”

“నవ్వకత్తా.”

“ఎందుకు నవ్వకూడదు? ఆగు. దిగి నడిసినాం అన్నావు. మేం అన్నావు.”

“ఇక పోనీ అత్తా. తాబేల్ని బయటే ఉంచుతాను, నేనూ ఇక్కడే...”

“మాట మార్సకు. నా కొడుకు పోయినాడని ఒచ్చిన ఆఫీసు కాయితంలో పెమాదం అని ఒక్క ముక్క రాసినారు. లారీ బోల్తా పడి పోయినాడని నువ్వు రాసినావు. లారీ బోల్తా పడనేదు గదా. ఇసకలో దిగబడింది గదా. జగ్గా, ఆ లారీలో నీతో ఎవుడున్నాడు?”

“ఎర్రయ్యే. నా అడుగుల్లో అడుగేసి రారా అన్నానత్తా. తాబేలు ఎనకాలా అని, నువ్విప్పుడన్న మాటే అన్నాడు. అచ్చం నీలాగే నవ్వి, పక్కనించి నడిసినాడు.”