చీటీల మాస్టారికి పదకొండు చీటీలు

పంతొమ్మిది వందల తొంభై జూలై రెండో తేదీ ఉదయం గని కార్యాలయపు పర్యావరణ విభాగంలో సర్వేయరుగా చేరడానికి వచ్చిన యువకుడి చేతిలో నియామక పత్రంతో పాటు ఒక బిస్కెట్ల డబ్బా కూడా ఉంది. ఆశగా మూత తీసిన స్టోర్‌కీపరుకు కనిపించినవి ఒకటి నుంచి నాలుగు వందల దాకా అంకెలు వేసిన అట్టముక్కలు. ఆ పూట అంటుకున్న ‘చీటీల మాస్టారు’ అన్న పేరు ముప్పై నాలుగేళ్లు ఆయన్ని వదల్లేదు. ఈ నెలాఖరున పదవీ విరమణ చేస్తున్న ఆ పెద్దమనిషి గురించి రాయమని, ఆయన దగ్గర పంతొమ్మిదేళ్లు సహాయకుడిగా పనిచేసిన ఈ వ్యాసకర్తను సన్మాన సంచిక సంపాదకులు కోరారు.

తవ్వకం ముగిసిన నేలను పూడ్చి, మొక్కలు నాటి, తిరిగి అడవిగా అప్పగించాలన్నది గని అనుమతిలోని షరతు. అది అడవి అయిందో లేదో తేల్చడం మాస్టారి ఉద్యోగం. ఆ నేలను పటం మీద నాలుగు వందల గళ్లుగా విభజించి, డబ్బాలోంచి చూడకుండా నలభై చీటీలు తీసి, ఏ గడి వస్తే ఆ గడికి నడిచి వెళ్లి, చదరపు మీటరు ఇనుప చట్రాన్ని నేల మీద పరిచేవారు. అందులో ఆ మట్టిలో సహజంగా పుట్టే మొక్కలు ఎన్ని ఉన్నాయో మోకాళ్ల మీద కూర్చుని లెక్కపెట్టేవారు. నర్సరీ నుంచి తెచ్చి నాటిన పరాయి చెట్లు ఎంత ఎత్తు పెరిగినా లెక్కలోకి రావు. పక్కనే తవ్వని పాత కొండ ఒకటి ఉండేది. దాని మీద వంద ఉన్నచోట నాటిన నేల మీద కనీసం అరవై ఉంటేనే ఉత్తీర్ణత. చీటీ బండరాయి మీద పడినా, బోడి వాలు మీద పడినా మార్చకూడదన్నది ఆయన పెట్టుకున్న ఏకైక నియమం.

ఒకసారి తనిఖీకి వచ్చిన పెద్ద అధికారి కారు అద్దం మాత్రం దించి, “పచ్చగా కళకళలాడుతోంది కదయ్యా, ఇంకా ఈ లెక్కలెందుకు?” అన్నారు.

“గోడకి పచ్చరంగు కొట్టినా ఇంత దూరం నుంచి ఇలాగే ఉంటుందండీ. కాస్త దిగి చూడండి” అన్నారు మాస్టారు.

ఆయన దిగలేదు. మాస్టారికి రావలసిన పదోన్నతి ఆ ఏడూ రాలేదు, ఆ తరవాతా రాలేదు.

తొమ్మిదేళ్ల కిందట యాజమాన్యం కన్ను ఆ పాత కొండ మీద పడింది. నాటిన నేల ఉత్తీర్ణమైతే, కొండను తవ్వినా మళ్లీ అడవి చేసి ఇవ్వగలమని చూపించుకోవచ్చు. అంతకుముందు ఏడాది మాస్టారి లెక్క నలభై ఆరు శాతం. అందుచేత ఆయన్ని రెండు నెలల శిక్షణకని దూరం పంపి, సర్వే సహాయకుడికి అప్పగించారు. అప్పుడు సహాయకుడి భార్య ఆసుపత్రిలో ఉంది. అరవై దాటకపోతే అతనికి బదిలీ తప్పదని ఎవరూ కాగితం మీద పెట్టలేదు. టీ తాగుతూ అన్నారు.

అతను బోడి వాలు మీద పడిన పదకొండు చీటీల్ని తిరిగి డబ్బాలో వేసి, వేరే పదకొండు తీశాడు. లెక్క అరవై ఐదు శాతం వచ్చింది. మూడు నెలల్లో కొండను తవ్వడానికి అనుమతి వచ్చింది.

శిక్షణ నుంచి తిరిగొచ్చిన మాస్టారు జాబితాను ఒక్క నిమిషం చూశారు.

“నలభైలో ఒక్కటీ వాలు మీద పడలేదా? నీ చెయ్యి మహా మంచిది తమ్ముడూ.”

“అలా పడ్డాయండీ.”

“నిన్నేమీ అనను. ఏ నంబర్లు వెనక్కి వేశావో చెప్పు, చాలు. అవి ఉంటే మళ్లీ కొలిపించమని అడగొచ్చు. కొండ ఇంకా ఉంది.”

“గుర్తులేదండీ.”

గుర్తుంది. జేబు డైరీలో రాసి ఉంది. మాస్టారు సహాయకుడి పేరెత్తకుండానే, సర్వే మళ్లీ చేయించమని పైకి నాలుగు ఉత్తరాలు రాశారు. ఆధారం లేదని నాలుగూ ఫైల్లో పడుకున్నాయి.

ఆ నెలలోనే, సహాయకుడి భార్య ఆసుపత్రిలో గడిపిన చివరి మూడు వారాలు, అతని వంతు పని కూడా ఆయనే చేశారు. సాయంత్రాలు ఫ్లాస్కులో వేడినీళ్లు తెచ్చి, బెంచీ మీద పక్కన కూర్చుని, “మీ వదిన నిన్ను ఏమైనా తినమంది” అనేవారు. నంబర్ల మాట ఇంకెప్పుడూ ఎత్తలేదు. ఆమె పోయాక అందరూ చెప్పిన ఓదార్పు మాటలన్నీ మరపున పడ్డాయి. ఆ ఫ్లాస్కు మాత్రం పడలేదు.

ఇప్పుడా కొండ ఉన్నచోట ఎర్రనీళ్లు నిలిచిన గొయ్యి ఉంది. అక్కడ పెరిగిన అరవై ఒక్క రకాల మొక్కలు మాస్టారి నోటుపుస్తకంలోనే మిగిలాయి. సన్మాన సభలో విభాగం ఆయనకు నాటిన నేల ఫోటో ఒకటి, అద్దం కట్టించి, బహూకరిస్తోంది. దూరం నుంచి తీసినది. చాలా పచ్చగా ఉంది.

ఈ వ్యాసకర్త ఇవ్వగలిగినది ఒకటే: 7, 23, 58, 91, 112, 146, 203, 219, 264, 310, 377.

వీటితో కొండ తిరిగి రాదు. ఆయన అడిగిన రోజున ఇచ్చి ఉంటే ఆ కొండ ఉండేదేమో. క్షమించమని అడగడానికి ఇది తగిన చోటు కాదు కనుక అడగడం లేదు. ఈ అంకెలు పైవాళ్లూ చదవాలనే వీటిని సంచికలో అచ్చు వేయించడం.

మాస్టారికీ, వదినగారికీ నిండు ఆరోగ్యం, దీర్ఘాయువు కలగాలి. ముఖ్యంగా ఆయన మోకాళ్లు ఇంకా చాలాకాలం వంగాలి. నాటిన నేలలో ఆ బోడి వాలు మీద పదకొండు చోట్ల చట్రం పరిచి కొలవవలసిన పని మిగిలే ఉంది. ఈసారి చట్రం మోయడానికి మనిషి ఉన్నాడు.